మాత్ర యెరిగిన వ్యాయామము

రోగికి విశ్రాంతి కావలెనని చెప్పుటకు వైద్యుడే రానక్కరలేదు. ఇంటిలోని పెద్దలు, ఇరుగుపొరుగువారు, చూడవచ్చిన చుట్టములు ఒక్క గొంతుతో ఆ మాటయే చెప్పుదురు. తుంటి యెముక విరిగిన తల్లిని మంచము దిగనీయక నీళ్లు నోటికందించుట, పక్షవాతమున చేయి పడిపోయిన తండ్రికి అన్నము కలిపి తినిపించుట, మోకాలికి శస్త్రచికిత్స జరిగిన అత్తగారిని గడప దాటనీయకుండుట మన కుటుంబములలో ప్రేమకును భక్తికిని గుర్తులుగా ఎన్నబడుచున్నవి. ఆ ప్రేమను మేము శంకింపము. కాని ఆ ప్రేమయే పలు సందర్భములలో రోగిని మంచమునకు కట్టివేయుచున్నదని చెప్పక తప్పదు. ఎముక అతికినది, గాయము మానినది, మందులు తమ పని చేసినవి. అయినను మనిషి లేచి నడువలేడు. రోగము తరువాత జరుగవలసిన పని జరుగకపోవుటయే ఇట్టి దురవస్థకు కారణము. ఆ పని పేరు వ్యాయామ చికిత్స. ఫిజియోథెరపీ యను వైద్యశాఖకు అదియే వెన్నెముక.

న్యాయస్థానములందును, కార్యాలయములందును, కంప్యూటరుల ముందును దినమంతయు కూర్చుండి పనిచేయు మా పాఠకులకు ఈ విషయముతో రెండు విధముల సంబంధము కలదు. స్వగ్రామముననున్న వృద్ధులైన తల్లిదండ్రుల చికిత్సను గూర్చి ఫోనులో నిర్ణయములు చేయువారు వారే. నడుము నొప్పియు, మెడ నొప్పియు, భుజము పట్టుటయు అనుభవించువారును వారే. కావున ఈ చికిత్సకు మూలములైన సూత్రములను కొంత విపులముగా వివరింప తలచితిమి.

మాత్ర యను శబ్దమునకు తెలుగున నేడు మందుబిళ్ల యని వాడుక. సంస్కృతమున దానికి కొలత యని యర్థము. చరక సంహిత వ్యాయామమును నిర్వచించుచు, దేహమునకు స్థైర్యమును బలమును కలిగించు చేష్ట వ్యాయామమనియు, దానిని మాత్రననుసరించి చేయవలెననియు చెప్పినది. సుశ్రుత సంహిత ఆ కొలతను మరికొంత స్పష్టము చేసి, తన బలములో సగము మేరకే శ్రమింపవలెననియు, శ్వాస నోటికి వచ్చుట ఆ సగమునకు గుర్తనియు తెలిపినది. వయస్సు, బలము, దేహము, దేశము, కాలము, ఆహారము చూచుకొని వ్యాయామము చేయవలెననియు అందు కలదు. నేటి శాస్త్రము ఆ సగమును యథాతథముగా అంగీకరింపదు. ఒకరికి అంతకంటె చాల తక్కువయు, మరియొకరికి చాల ఎక్కువయు కావలసియుండును. కాని కొలత లేని శ్రమ చికిత్స కాజాలదను మూలభావము నేటికిని చెక్కుచెదరలేదు.

ఆధునిక కాలమున ఈ విద్యకు తొలి పాఠశాలలలో నొకటి స్వీడను దేశమున వెలసినది. 1813వ సంవత్సరమున పేర్ హెన్రిక్ లింగ్ అను నాతడు స్టాక్‌హోములో రాజాశ్రయమున వ్యాయామ విద్యాలయమును స్థాపించి, ఆరోగ్యవంతులకేగాక రోగులకును తగిన అంగచాలనములను క్రమబద్ధము చేసెను. లండను నగరమున 1894లో నలుగురు నర్సులు కలసి మర్దన విద్యకు ఒక సంఘమును నెలకొల్పిరి. రెండు ప్రపంచ యుద్ధములలో గాయపడిన సైనికులును, పోలియో సోకిన బిడ్డలును ఈ విద్య యొక్క అవసరమును లోకమునకు చాటిరి. మన దేశమున భారత ఫిజియోథెరపిస్టుల సంఘము 1955లో ఏర్పడెను. ఈ వృత్తికి తగిన జాతీయ చట్టము మాత్రము 2021 వరకు రాలేదు. ఇంత ఆలస్యముగా గుర్తింపు కలుగుటయే ఈ చికిత్సను మనము ఎంత చులకనగా చూచితిమో తెలుపుచున్నది.

మంచము వలని హాని

వ్యాయామము ఎందులకో తెలియవలెనన్న, అది లేనిచో ఏమగునో ముందు తెలియవలెను. కదలక పరుండిన మనిషి కండరములు దినదినము కృశించును. భారము మోయని ఎముక తన సారమును కోల్పోవును. కదలని కీలు చుట్టునుగల పొరలు ముడుచుకొని బిగిసిపోవును. ఊపిరితిత్తుల అడుగుభాగమున గాలి సరిగా ఆడక కఫము చేరును. కాలి సిరలలో రక్తము గడ్డకట్టును. ఒత్తిడి తగిలిన చోట చర్మము చిట్లి పుండు పడును. చాల దినములు పడుకొని లేచినవానికి కన్నులు బైరులు కమ్ముట రక్తపు ఒత్తిడిని నిలుపు శక్తి మందగించుటచేతనే. 1947లోనే రిచర్డు యాషరు అను లండను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నలులో మంచము పట్టుట వలని అపాయములను ఒక్కొక్కటిగా వివరించి, వైద్యలోకమును హెచ్చరించెను. అప్పటివరకు గుండెపోటు వచ్చినవారిని వారముల తరబడి వెల్లకిల పరుండబెట్టుట ఆచారముగా నుండెను. 1952లో లెవైను, లౌను అను అమెరికా వైద్యులు అట్టి రోగులను ముందుగానే కుర్చీలో కూర్చుండబెట్టవచ్చునని ప్రకటించి, ఆ ఆచారమును కదలించిరి.

ఈ విషయమున అమెరికాలోని డల్లాసు నగరమున 1966లో జరిగిన పరీక్ష ప్రసిద్ధమైనది. ఇరువదేండ్ల ప్రాయముగల ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారములు మంచమున ఉంచిరి. లేచునప్పటికి వారి శరీరము ప్రాణవాయువును వినియోగించుకొను గరిష్ఠ శక్తి నాలుగవ వంతునకు మించి తగ్గియుండెను. ముప్పది సంవత్సరముల పిమ్మట ఆ ఐదుగురినే మరల పరీక్షింపగా తేలిన సంగతి విస్మయకరము. ముప్పదేండ్ల వయోభారము వారి శక్తిని తగ్గించిన దానికంటె, నాటి మూడు వారముల మంచము ఎక్కువగా తగ్గించినది. యౌవనమున నున్నవారికే ఇట్టి నష్టము కలిగినచో, డెబ్బదియేండ్ల తల్లి నెల దినములు మంచము దిగకున్న ఏమి మిగులును? తుంటి యెముకకు శస్త్రచికిత్స జరిగిన మరునాడే రోగిని లేపి నిలబెట్టు పద్ధతి నేడు ప్రబలుటకు కారణమిదియే. అది వైద్యుల కాఠిన్యమని భ్రమించి బంధువులు అడ్డుపడరాదు.

ఎముక విరిగినప్పుడు దానిని కదలకుండ నిలుపుట అవసరమే. పుత్తూరు కట్టు పేరు తెలుగువారికేగాక తమిళులకును సుపరిచితము. పట్టణములలో ప్లాస్టరు కట్టు వేయుదురు, లేదా లోహపు పలకతో బిగింతురు. ఏ కట్టయినను దాని పని ఎముకను నిలుపుటతో ముగియును. కట్టులో లేని వ్రేళ్లను, భుజమును మొదటి దినమునుండియే కదలించుచుండవలెను. కట్టు విప్పిన నాడు బిగిసిన కీలును, సన్నబడిన కండను బాగుచేయుపని ప్రారంభమగును. చికిత్స ముగిసినదని మనవారు తలచునది ఆ దినమే!

భారమును పెంచు విధము

వ్యాయామ చికిత్సకు మొదటి సూత్రము: దేహము తనకు అలవాటైన దానికంటె కొంత ఎక్కువ భారమును ఎదుర్కొన్నప్పుడే బలపడును. గ్రీకుల పురాగాథలలో మైలో అను మల్లుడు ఒక లేగదూడను ప్రతిదినము ఎత్తుచుండగా, దూడ పెరిగి ఎద్దగునప్పటికి ఎద్దునే ఎత్తగలిగెనని చెప్పుదురు. కథ కథయే యైనను అందలి న్యాయము సత్యము. దీనిని ఆసుపత్రికి తెచ్చినవాడు థామస్ డిలోర్ము అను అమెరికా సైనిక వైద్యుడు. బాల్యమున కీళ్లవాత జ్వరముచే బాధపడి, బరువులెత్తి బలము కూడగట్టుకొన్న అనుభవము ఆతనికి కలదు. రెండవ ప్రపంచ యుద్ధమున మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు తేలికపాటి కదలికలను అసంఖ్యాకముగా చేయించుటయే నాటి వాడుక. డిలోర్ము దానికి మారుగా బరువైన భారమును కొలదిసార్లు ఎత్తించి, 1945లో తన ఫలితములను ప్రకటించెను.

ఆతని పద్ధతి సులభముగా తెలియదగినది. సరియైన తీరున పదిమార్లు ఎత్తగలిగి, పదునొకండవసారి ఎత్తజాలని బరువును ముందు కనుగొనవలెను. తొలుత ఆతడు పదేసి ఎత్తుల విడతలను ఏడు మొదలు పది వరకు చేయించెడివాడు. 1948 నాటికి వాట్కిన్సు అను సహచరునితో కలసి, మూడు విడతలు చాలునని తేల్చెను. మొదటి విడత ఆ బరువులో సగముతో, రెండవది ముప్పాతికతో, మూడవది పూర్తి బరువుతో చేయవలెను. బలము పెరిగి పదునొకండవ ఎత్తు సాధ్యమైనప్పుడు బరువును పెంచవలెను. నేటి పద్ధతులలో లెక్కలు కొంత మారినను, కొలిచి మొదలిడి, కొలిచి పెంచుట యను ధర్మము మారలేదు. కాలి మడమకు కట్టిన ఇసుక సంచియైనను, రబ్బరు పట్టీయైనను, తన దేహభారమే యైనను దీనికి చాలును. ఆరు నెలలుగా ఒకే విధమైన తేలిక కదలికలను పదిమార్లు చేసి, ఫలము లేదని నిట్టూర్చువారు ఈ సూత్రమును మరచినవారు.

ఇచట ఒక సంగతిని గమనింపవలెను. తొలి కొన్ని వారములలో కలుగు బలము ప్రధానముగా నాడీమండలము కండరములను చక్కగా పనిచేయించుటచే వచ్చినది. కండ పరిమాణము పెరుగుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. కావున కాలు లావెక్కలేదని మూడవ వారమున నిరాశపడి మానివేయుట, మొలకెత్తిన పైరును చూడక పొలము విడిచిపోవుట వంటిది.

వయస్సు మీరినదను సాకును శాస్త్రము అంగీకరింపదు. 1990లో బోస్టను నగరపు వృద్ధాశ్రమమొకదానిలో 86 మొదలు 96 ఏండ్ల వయస్సుగల పదిమంది బలహీనులచే ఎనిమిది వారములు తొడ కండరములకు గట్టి భారముతో వ్యాయామము చేయింపబూనిరి. తుదివరకు నిలిచిన తొమ్మండుగురి బలము సగటున 174 శాతము పెరిగినది. నడక వేగమును హెచ్చినది. ఆ వ్యాయామమును నాలుగు వారములు నిలుపగానే వారి బలము దాదాపు మూడవ వంతు తగ్గిపోయెను. మొదటి ఫలితము ఎంత ఆశ కలిగించునో, రెండవది అంత హెచ్చరిక చేయుచున్నది. సంపాదించిన బలమును వాడుకొననిచో అది నిలువదు.

ఏ పనికి ఆ వ్యాయామము

రెండవ సూత్రము: దేహము ఏ పనిని అభ్యసించునో ఆ పనియందే నేర్పు సంపాదించును. మంచముపై పడుకొని కాలునెత్తుట ఆరంభమున మంచిదే; కాని దానివలననే మెట్లెక్కుట రాదు. మెట్లెక్కవలెనన్న మెట్టునే ఎక్కవలెను. కుర్చీనుండి లేవవలెనన్న కుర్చీనుండియే లేచి కూర్చుండుట అభ్యసింపవలెను. అందుచే నిపుణుడైన చికిత్సకుడు రోగిని చూడగనే, నీవు తిరిగి ఏమి చేయగోరుచున్నావని ప్రశ్నించును. ఒకరికి నేలపై కూర్చుండి పూజ చేయవలెనని కోరిక, మరియొకరికి నగర బస్సు ఎక్కవలెనని అవసరము, ఇంకొకరికి మనుమని ఎత్తుకొనవలెనని ఆశ. ఆ కోరికను బట్టియే వ్యాయామము కుదురును. మోకాలు మార్పిడి జరిగినవారు నేలపై కూర్చుండవచ్చునా యనునది మాత్రము శస్త్రవైద్యుడు చెప్పవలసిన విషయము.

అభ్యాసముచే నాడులు ఎంతవరకు నేర్చుకొనగలవో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. చిత్తూరు జిల్లావారికి ఇంటి గుమ్మము వంటిదైన వేలూరు పట్టణపు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు వచ్చెను. కుష్ఠువ్యాధిచే నాడులు చెడి, వ్రేళ్లు కొంకిగా ముడుచుకొనిపోయిన చేతులకు ఆతడు చికిత్స నారంభించెను. చెడని కండరము యొక్క స్నాయువును తీసి, చెడిన కండరము చేయు పనికి అమర్చుటయే ఆ చికిత్స. శస్త్రము ముగిసినంతనే చేయి పనిచేయదు. అంతవరకు ఒక పని చేసిన కండరము ఇప్పుడు వేరొక పని చేయవలెనని మెదడు నేర్చుకొనవలెను. వారముల తరబడి వ్యాయామము చేయింపగా గాని ఆ చేయి ముద్ద కలుపుటకు, కలము పట్టుటకు ఉపయోగపడదు. కత్తి చేసిన పనిని వ్యాయామము పూర్తిచేయవలసియుండెను.

ఆ కళాశాలలోనే చదివిన మేరీ వర్గీసు అను వైద్యురాలు 1954లో జరిగిన మోటారు ప్రమాదమున నడుము క్రింది భాగమున చలనము కోల్పోయెను. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేసెను. విదేశములకేగి పునరావాస వైద్యమును అభ్యసించెను. 1966లో వేలూరున పునరావాస కేంద్రము ఆమె ఆధ్వర్యమున వెలసెను. ఆమె కాళ్లకు చలనము తిరిగి రాలేదు. మిగిలిన శక్తిని అభ్యాసముచే వినియోగమునకు తెచ్చుకొనుటయు చికిత్సయేనని ఆమె జీవితము చాటుచున్నది. వ్యాయామము పోయిన దానినంతయు తెచ్చి ఇచ్చునని చెప్పువారు మోసగాండ్రు. మిగిలినదానిని పెంచునని చెప్పువారు సత్యవాదులు.

పక్షవాతము విషయమున ఈ సూత్రమే మరియొక రూపమున కనబడును. ఒక చేయి బలహీనపడగానే రోగి రెండవ చేతితోనే సర్వమును చేసికొనుట అలవరచుకొనును. ఇంటివారు ఆపాటి పనియు లేకుండ చేయుదురు. వాడని చేయి మరింత పనికిమాలినదగును. కొంత చలనము మిగిలినవారికి మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతినే పనిచేయించు చికిత్స ఒకటి కలదు. పక్షవాతము వచ్చి మూడు మొదలు తొమ్మిది నెలలైన 222 మందిపై జరిగి, 2006లో ప్రకటింపబడిన పరీక్షలో దాని ప్రయోజనము రుజువైనది. అందరికి అది తగదు; తగినవారిని నిపుణులే నిర్ణయింపవలెను. కాని తండ్రి వణకు చేతితో ముద్దనెత్తబోవునప్పుడు, మెతుకులు క్రిందపడునని తొందరపడి కొడుకు తాను తినిపించుట ఎంత పొరపాటో దీనివలన తెలియగలదు.

కొలత తప్పిన హాని

వ్యాయామము మేలైనచో ఎంత ఎక్కువయైన అంత మేలని తలచుటయు ప్రమాదమే. ఐదు దేశములలో 2104 మంది పక్షవాత రోగులపై జరిగి, 2015లో వెలువడిన పరీక్ష దీనికి తార్కాణము. వ్యాధి వచ్చిన 24 గంటలలోపుననే రోగులను తరచుగా, ఎక్కువసేపు లేపి నడిపింపజూచినచో మేలగునని పరిశోధకులు ఆశించిరి. మూడు నెలలకు చూడగా, అట్లు చేసిన వారిలో చక్కగా కోలుకొన్నవారు 46 శాతము. సామాన్య పద్ధతిలో చికిత్స పొందినవారిలో 50 శాతము. లేపుట తప్పు కాదు. తొలి దినమున మాత్ర మించుట తప్పు. ఆ సమాచారమునే మరల పరిశీలింపగా, కొలదిసేపు చొప్పున పలుమార్లు లేపుట మేలని సూచన కలిగెను.

అట్లే అకస్మాత్తుగా వచ్చిన నడుము నొప్పిని గూర్చి 1995లో ఫిన్లండు దేశమున హెల్సింకి నగరపాలక ఉద్యోగులపై జరిగిన పరీక్ష మా పాఠకులకు ఉపయోగించును. కొందరికి రెండు దినముల మంచమును, కొందరికి నడుము వ్యాయామములను విధించి, తక్కినవారిని ఓర్చుకొనగలిగినంతలో నిత్యకృత్యములను చేసికొనుమనిరి. ముందుగా కోలుకొన్నవారు ఈ మూడవ తెగవారే. నొప్పి తీవ్రముగానున్న తొలి దినములలో మంచమును వలదు, పట్టుపట్టిన వ్యాయామమును వలదు. సామాన్యపు కదలికయే తగిన మాత్ర. నొప్పి తగ్గిన పిమ్మట నడుమును పొట్టను బలపరచు వ్యాయామము మరల రాకుండ కాపాడుటకు పనికివచ్చును.

నొప్పి విషయమున రోగి తనంతట తాను పాటింపదగిన కొలత ఒకటి కలదు. వ్యాయామము చేయునప్పుడు కండరము లాగినట్లుండుట, మరునాడు కొంత సలుపుట సహజము. కొత్త వ్యాయామమునకు వచ్చిన సలుపు కొలది దినములలో తగ్గును. కాని కీలు వాచినను, పోటు పొడిచినట్లున్నను, పెరిగిన నొప్పి మరునాటికిని తగ్గకున్నను, చేసినది మాత్ర మించినదని తెలిసికొని తగ్గింపవలెను. తగ్గించవలెనే గాని పూర్తిగా మానరాదు. బరువునెత్తునప్పుడు ఊపిరి బిగబట్టిన రక్తపు ఒత్తిడి హెచ్చును. శ్రమించునప్పుడు ఊపిరి విడుచుట అలవరచుకొనవలెను. ఎదలో నొప్పి, మితిమీరిన ఆయాసము, కన్నులు తిరుగుట, ఒక పిక్క వాచి నొప్పి పెట్టుట, అకస్మాత్తుగా అవయవము మొద్దుబారుట కనిపించినచో వెంటనే ఆపి వైద్యుని చూడవలెను.

వ్యాయామ రకములను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. రోగి తాను కదల్పలేని కీలును చికిత్సకుడు కదల్చుట మొదటి మెట్టు. కొంత సాయముతో రోగియే కదల్చుట రెండవది. స్వయముగా కదల్చుట మూడవది. భారమునకెదురుగా కదల్చుట నాలుగవది. కీలు కదలకుండనే కండరమును బిగించుట మరియొక రీతి. మోకాలు అరిగినవారు పడుకొని, మోకాలి క్రింద చుట్టిన తువాలునుంచి, తొడ బిగించి దానిని అదిమి, ఐదు లెక్కించునంతసేపు నిలిపి విడుచుట ఇట్టిదే. పదిమార్లు దీనిని చేయుటకు ఉపకరణములు అక్కరలేదు. బిగిసిన కండరములను మెల్లగా సాగదీయుట, ఒంటికాలిపై నిలుచుట వంటి తూకపు అభ్యాసములు, నడక వంటి ఓర్పును పెంచు పనులు తక్కిన రకములు. న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయమువారు రూపొందించిన కాళ్ల బలమునకును తూకమునకును సంబంధించిన గృహవ్యాయామక్రమము వృద్ధులు పడిపోవుటను సుమారు 35 శాతము తగ్గించినది. పడి తుంటి విరిగిన పిమ్మట వెచ్చించు ధనముతో పోల్చిన దీనికి వెచ్చము లేనట్లే.

మన కర్తవ్యము

వైద్యుడు మందు వ్రాయునప్పుడు దాని పేరును, మోతాదును, దినమునకెన్నిమార్లో, ఎన్ని దినములో వ్రాయును. వ్యాయామము వచ్చునప్పటికి మాత్రము ‘వ్యాయామము చేయవలెను’ అను ఒక్క వాక్యముతో సరిపెట్టుట తరచుగా కనబడుచున్నది. ఇది మందుల దుకాణమునకు పోయి ఏదో ఒక మాత్ర మ్రింగుమని చెప్పుటతో సమానము. ఏ వ్యాయామము, ఎంత గట్టిగా, ఎంతసేపు, వారమునకెన్నిమార్లు అను నాలుగు ప్రశ్నలకు సమాధానము చీటిపై ఉండవలెను. లేనిచో అడిగి వ్రాయించుకొను హక్కు రోగికి కలదు. చదువుకొన్న మా పాఠకులు ఈ హక్కును తమ తల్లిదండ్రుల తరఫున వినియోగింపవలెనని కోరుచున్నాము.

మర్దనము, వేడి కాపడము, విద్యుత్ యంత్రములు నొప్పిని కొంత శమింపజేయవచ్చును. అవి హాయి గొల్పును గనుకను, రోగి శ్రమింపనక్కరలేదు గనుకను అందరికిని ఇష్టములు. కాని అవి వ్యాయామమునకు దారిచూపు దీపములే గాని గమ్యము కావు. యంత్రము క్రింద అరగంట పడుకొనబెట్టి, ఒక్క వ్యాయామమైనను నేర్పకుండ పంపు చికిత్స సగము చికిత్స. ఫిజియోథెరపిస్టు మంచివాడో కాదో తెలిసికొనుటకు ఒక గురుతు కలదు: ఆతని యొద్దనుండి వచ్చిన రోగికి ఇంటియొద్ద చేయవలసిన పని ఏదో తెలిసియుండును.

ప్రభుత్వములకును ఇందు బాధ్యత కలదు. పెద్ద నగరముల ఆసుపత్రులలో శస్త్రచికిత్స చేయించుకొని పల్లెకు పోయిన రైతు, వారమునకు మూడుమార్లు నగరమునకు తిరిగి రాజాలడు. కూలి పోవును, బండి ఖర్చు తగులును, తోడు వచ్చువాడు పని మానుకొనవలెను. అందుచే బాగుపడవలసిన కాలు ఇంటి అరుగుపైననే బిగిసిపోవును. ఎముకను అతికించుటకు లక్షలు వెచ్చించి, నడక నేర్పుటకు వేలు వెచ్చింపకుండుట పొదుపు కాదు. గ్రామములకు సమీపముననున్న ఆసుపత్రులలో ఫిజియోథెరపిస్టులను నియమించుటయు, వారు ఇండ్లకు పోయి నేర్పు ఏర్పాటు చేయుటయు చికిత్సలో భాగముగానే ఎన్నవలెను.

ఆరోగ్యవంతులకు సైతము మాత్ర నిర్ణయింపబడియున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనల ప్రకారము పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషములు మధ్యమశ్రమ చేయవలెను. రెండు దినములైనను కండరములను బలపరచు వ్యాయామము చేయవలెను. అరువదియైదేండ్లు దాటినవారు మూడు దినములు తూకమును అభ్యసింపవలెను. లండనులో 1953లో జెరమీ మారిస్ ప్రకటించిన పరిశోధనలో, దినమంతయు కూర్చుండి బస్సు నడుపువారికంటె మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా నుండెనని తేలినది. బస్సు ఒక్కటే, దారి ఒక్కటే. కూర్చుండుటయు, తిరుగుటయు మాత్రమే భేదము. మన కార్యాలయములందు కుర్చీ ఎక్కువ, మెట్లు తక్కువ. ఆ భేదమును మనము స్వయముగా కల్పించుకొనవలసియున్నది.

మందును ఒకరు కొనిపెట్టవచ్చును, శస్త్రమును ఒకరు చేయవచ్చును, ఖర్చును బిడ్డలు భరింపవచ్చును. వ్యాయామమును మాత్రము రోగి తానే చేసికొనవలెను. ఇంటివారు చేయగల సేవ, పక్కన నిలిచి, పడకుండ చూచి, లెక్కపెట్టుచు, నేటికంటె రేపు ఒక అడుగు ఎక్కువ వేయించుట. నీళ్లు మంచము కడకు తెచ్చి ఇచ్చుటకంటె, చేయి పట్టి కుండ కడకు నడిపించుట కష్టతరమైన సేవ. నడక తిరిగి వచ్చునది ఆ సేవ వలననే.